బొమ్మ పోయినా పద్దు మిగిలింది

టీవీ సీరియళ్ళ గురించి అచ్చయ్యే పుస్తకాలను మన సాహిత్యం వాళ్ళు పుస్తకాలుగా జమ కట్టరు. సీరియల్ నడుస్తున్నన్నాళ్ళూ అమ్ముడుపోయి, అది ఆగిపోగానే పాత పుస్తకాల బండి మీదికి చేరే సరుకు అని ఒక లెక్క. ఇంగ్లీషు మాట్లాడే దేశాల్లో మాత్రం వీటికి పెద్ద బజారే ఉంది. వీటిలో ముఖ్యంగా రెండు రకాలు. ఏ వారం ఏ కథ వచ్చింది, అందులో ఎవరెవరు నటించారు అని వరుసగా చెప్పేవి ఒక రకం. వాటిని తోడు పుస్తకాలు అందాం. సెట్టు ఎలా వేశారు, డబ్బు ఎక్కడ చాలలేదు, ఎవరు మధ్యలో మానేశారు అని చెప్పే తెర వెనుక కథలు రెండో రకం.

నేను బి.కాం. చదివి బ్యాంకులో చేరినవాణ్ణి. ముప్ఫై ఏళ్ళుగా చిట్టా, ఆవర్జాల మధ్యనే కాలం గడుస్తోంది. బెంగళూరు అవెన్యూ రోడ్డులో పాత పుస్తకాలు ఏరుకోవడం నాకున్న ఒకే ఒక వ్యసనం. ఇలాంటి పుస్తకాలు నాలుగైదు అక్కడే దొరికాయి. మొదట కాలక్షేపానికి చదివాను. చదవగా చదవగా వీటి చరిత్రలో బ్యాంకు మనిషికి బాగా తెలిసిన సూత్రం ఒకటి కనిపించింది. సరుకు పోయిందని తెలియాలంటే, ముందు పుస్తకంలో దాని నిల్వ రాసి ఉండాలి. రాసి లేని సరుకు పోయినా ఎవరికీ పట్టదు. ఈ సూత్రం టీవీ విషయంలో ఎలా రుజువైందో చెప్పడానికే ఈ వ్యాసం.

1980లలో దూరదర్శన్‌లో ఆదివారం పొద్దున ‘స్టార్ ట్రెక్’ వచ్చేది. మా హొసూరులో అప్పట్లో వీధికి రెండో మూడో టీవీలు. మొనదేలిన చెవుల స్పాక్‌ను చూడడానికి పిల్లలమందరం ఒకే ఇంట్లో చేరేవాళ్ళం. మాటలు సగం అర్థమయ్యేవి కావు. మేము చూసేనాటికే అమెరికాలో ఆ సీరియల్ ఆగిపోయి పదిహేనేళ్ళు దాటిందని చాలాకాలం తరువాత గాని నాకు తెలియలేదు. ఎన్‌బీసీ సంస్థ దాన్ని 1966 సెప్టెంబరు 8న మొదలుపెట్టి, 79 భాగాలు వేసి, 1969 జూన్ 3న ముగించింది.

అది ఇంకా నడుస్తుండగానే, 1968లో, బాలంటైన్ సంస్థ ‘ది మేకింగ్ ఆఫ్ స్టార్ ట్రెక్’ అనే చౌక పుస్తకం వేసింది. రాసినవాడు స్టీఫెన్ వైట్‌ఫీల్డ్. అసలు పేరు స్టీఫెన్ పో. ఆయన సాహిత్యకారుడు కాదు, పత్రికా విలేఖరీ కాదు. ఆ సీరియల్‌లోని నౌకను అతికించుకునే ప్లాస్టిక్ బొమ్మలుగా అమ్మే కంపెనీ కోసం ప్రకటనల పని చూసేవాడు. ఆ పని మీద స్టూడియోకు వెళ్ళి, అక్కడి కాగితాలు చూసి ముగ్ధుడైపోయాడు. మొదట తీసిన నమూనా చిత్రం ఎన్‌బీసీకి నచ్చక తిరిగి రావడం, రెండోది తీయమని అడగడం, నిర్మాత జీన్ రాడెన్‌బెరీకి ఆఫీసులోని ఇతరులకు మధ్య నడిచిన చీటీలు, బడ్జెట్ తంటాలు, రచయితలకు ఇచ్చిన సూచనల పత్రం - అన్నీ ఆ పుస్తకంలో పెట్టాడు. నడుస్తున్న ఒక టీవీ కార్యక్రమం లోపలి కాగితాలను మామూలు ప్రేక్షకుడి చేతికి అంత విపులంగా అందించిన పుస్తకం అంతకు ముందు లేదనే చెప్పాలి. టీవీలో పని చేయాలనుకున్న కుర్రవాళ్ళకు అది పాఠ్యపుస్తకం అయింది. మళ్ళీ మళ్ళీ అచ్చయింది.

స్టూడియో మనిషి కాని ఒక అభిమాని చేసిన పని ఇంకొకటి ఉంది. బీజో ట్రింబుల్ అనే ఆవిడ, ఆ సీరియల్‌ను రెండో ఏటితో ఆపేయబోతున్నారని తెలిసి, దేశమంతటి చేతా ఎన్‌బీసీకి ఉత్తరాలు రాయించిన ఉద్యమానికి ముందు నిలిచింది. సీరియల్‌కు మూడో ఏడు దక్కింది. 1969లోనే, ఆ సీరియల్ భాగాల్లోని పాత్రలు, గ్రహాలు, యంత్రాలు, పేర్లు అన్నీ అక్షరక్రమంలో పెట్టి ఒక సూచిక సొంతంగా అచ్చు వేయించింది. డొరతీ జోన్స్ అనే మరో అభిమాని కార్డుల మీద రాసుకున్న వివరాలు దానికి మూలం. ఇంట్లో రికార్డు చేసుకునే యంత్రాలు సామాన్యుడి చేతికి రాని రోజులవి. భాగం వస్తుంటే చూస్తూ రాసుకోవాలి, మళ్ళీ వేసినప్పుడు సరిచూసుకోవాలి. ఆ సూచికనే 1976లో బాలంటైన్ వాళ్ళు పెద్ద ఎత్తున ప్రచురించారు. అంటే చిట్టా రాసింది అభిమాని, అమ్ముకున్నది వ్యాపారి. దీన్ని నేను తప్పు పట్టను. వ్యాపారి అచ్చు వేయకపోతే ఆ సూచిక అవెన్యూ రోడ్డు దాకా వచ్చేది కాదు.

‘స్టార్ ట్రెక్’ బొమ్మలు మాత్రం క్షేమంగానే ఉన్నాయి. అది సినిమా ఫిలిం మీద తీసిన సీరియల్. మళ్ళీ మళ్ళీ అమ్ముకునే ఆస్తి అని స్టూడియోకు తెలుసు. బొమ్మ పోయి పుస్తకమే దిక్కయిన సీరియల్ వేరే ఉంది. దాని కోసం ఇంగ్లండు వెళ్ళాలి.

బీబీసీ ‘డాక్టర్ హూ’ను 1963 నవంబరు 23న, శనివారం సాయంత్రం మొదలుపెట్టింది. కెనెడీ హత్య జరిగిన మరునాడు. జనం దృష్టి అంతా ఆ వార్త మీదే ఉండడంతో తరువాతి శనివారం మొదటి భాగాన్ని మళ్ళీ వేసి, ఆ వెంటనే రెండోది చూపించారు. నిర్మాత వెరిటీ లాంబర్ట్, ఇంకా ముప్ఫై ఏళ్ళు నిండని యువతి. మొదటి కథకు దర్శకుడు మన దేశంలో పుట్టినవాడు, వారిస్ హుస్సేన్. 1938లో లక్నోలో జననం. తల్లి రచయిత్రి అతియా హుస్సేన్. కాలంలో ప్రయాణం చేసే ఒక ముసలాయన కథను మగవాళ్ళే ఏలుతున్న ఆఫీసులో ఒక యువతి చేతికి, తెల్లవాళ్ళే ఏలుతున్న స్టూడియోలో ఒక లక్నో కుర్రవాడి చేతికి ఇచ్చారు. ఆ కథ 1989 దాకా నడిచింది, 2005లో మళ్ళీ ప్రాణం పోసుకుంది.

మాల్కం హల్క్, టెరెన్స్ డిక్స్ అనే ఇద్దరు రచయితలు 1972లో ‘ది మేకింగ్ ఆఫ్ డాక్టర్ హూ’ రాశారు. డిక్స్ అప్పటికి ఆ సీరియల్ కథలను దిద్దే సంపాదకుడు. పిల్లల కోసం వేసిన చిన్న పుస్తకం. అప్పటి దాకా వచ్చిన కథల వరుస అందులో ఉంది, ‘ది సీ డెవిల్స్’ అనే కథను ఎలా తీశారో ఉంది. మరుసటి ఏడు, పదేళ్ళ పండుగకు, బీబీసీ వాళ్ళ ‘రేడియో టైమ్స్’ పత్రిక ఒక ప్రత్యేక సంచిక వేసింది. అందులో కథలన్నిటి పట్టిక ఉంది, పాత నటుల ఫోటోలు ఉన్నాయి. అదే 1973లో టార్గెట్ అనే ప్రచురణ సంస్థ ఆ కథలను నవలలుగా వేయడం మొదలుపెట్టింది. డిక్స్ ఒక్కడే అరవైకి పైగా రాశాడు. చదవడం అంటే ఇష్టం లేని పిల్లలు కూడా ఆ నవలలతో చదువరులయ్యారని బ్రిటిష్ రచయితలు ఎందరో చెప్పుకుంటారు.

ఆ నవలలకు అంత గిరాకీ ఎందుకంటే, వెనుకటి కథలు చూసే దారి లేదు. వీడియో క్యాసెట్లు ఇంటికి రాలేదు. నటుల సంఘంతో ఉన్న ఒప్పందాల వల్ల పునఃప్రసారాలకు హద్దులు ఉండేవి. 1972లో పదేళ్ళ పిల్లవాడికి 1964 నాటి కథ కావాలంటే పుస్తకమే గతి. మన ఇళ్ళలో అమ్మమ్మ చెప్పిన కథలాగా, చూడని బొమ్మను చదివి ఊహించుకోవాలి. ఆ పిల్లలకు తెలియని సంగతి ఒకటుంది. వాళ్ళు ఆ నవలలు చదువుకుంటున్న సమయంలోనే బీబీసీ వాళ్ళు ఆ బొమ్మలను చెరిపేస్తున్నారు.

ఆ రోజుల్లో వీడియో టేపు చాలా ఖరీదు. చెరిపి మళ్ళీ వాడుకోవచ్చు. 1967 నుంచి 1970ల మధ్య వరకు ఇంజనీరింగు విభాగం పాత టేపులను చెరుపుతూ పోయింది. విదేశాలకు అమ్మడానికి వాటి నుంచి తీసిన 16 మిల్లీమీటర్ల ఫిలిం ప్రతులు అమ్మకాల విభాగం దగ్గర ఉండేవి. నలుపు తెలుపు కథలు కొనేవాళ్ళు తగ్గేసరికి, గడువు తీరిన ప్రతులతో గది నిండిపోతోందని 1972 నుంచి 1978 వరకు ఆ విభాగం వాటిని పారేస్తూ పోయింది. అసలు టేపు ఇంజనీర్ల దగ్గర ఉంటుందిలే అని వీళ్ళు. ఫిలిం ప్రతి అమ్మకాల వాళ్ళ దగ్గర ఉంటుందిలే అని వాళ్ళు. బీబీసీకి ఫిలిం లైబ్రరీ అని మూడోది ఒకటి ఉంది. వీడియో టేపు మీద తీసిన కార్యక్రమాలన్నీ దాచడం తన బాధ్యత అని ఆ లైబ్రరీ అనుకోలేదు.

ఈ ఘట్టం చదివినప్పుడు నాకు నవ్వు రాలేదు. శాఖలో ఓచరు లేదు, హెడ్డాఫీసులో ఉందనుకున్నాం. హెడ్డాఫీసులో లేదు, శాఖలో ఉందనుకున్నారు. ఏ బ్యాంకు ఉద్యోగి అయినా సర్వీసులో ఒక్కసారి ఈ సంభాషణ వినే ఉంటాడు. మాకు 1985లో నియమాలు వచ్చాయి. కొన్ని రికార్డులు కనీసం 5 ఏళ్ళు, కొన్ని 8 ఏళ్ళు ఉంచాలి. గడువు తీరాక నాశనం చేసినా, ఏమేమి నాశనం చేశామో రిజిస్టరులో రాయాలి. పారేయడానికి కూడా ఒక పద్దు ఉండాలన్నమాట. బీబీసీలోనూ టేపులు చెరపడానికి అనుమతి పత్రాలు ఉండేవి. ఏది ఎప్పుడు చెరిపారో వాటి ఆధారంగానే రిచర్డ్ మోల్స్‌వర్త్ 2010లో ‘వైప్డ్’ అనే పుస్తకంలో వివరంగా రాశాడు. అనుమతి అడిగారు, సంతకం పెట్టారు, చెరిపారు. అన్నీ పద్ధతి ప్రకారమే జరిగాయి. ఇదే చివరి ప్రతా అని అడిగే గడి మాత్రం ఏ విభాగం పత్రంలోనూ పనిచేయలేదు.

1978లో బీబీసీ తన ఫిలిం, వీడియో భాండాగారంలో ఏది దాచాలో ఎంపిక చేసే కొత్త ఉద్యోగాన్ని పెట్టింది. ఆ పనిలోకి వచ్చిన స్యూ మాల్డెన్, నిల్వల పరిస్థితి తెలుసుకోవడానికి నమూనాగా ‘డాక్టర్ హూ’ను తీసుకుంది. అదే ఏడాది ఇయాన్ లెవిన్ అనే అభిమాని పాత భాగాలు కొనుక్కుందామని వెళ్ళి, పారేయడానికి సిద్ధంగా ఉన్న డబ్బాలను చూసి అడ్డం పడ్డాడు. అప్పటికి చాలా నష్టం జరిగిపోయింది. 1963 నుంచి 1969 వరకు తొలి ఆరేళ్ళలో 253 భాగాలు ప్రసారం కాగా, నూటికి పైగా భాగాలకు ఎక్కడా ప్రతి లేదని తేలింది.

నా సూత్రం ఇక్కడ పనిచేసింది. లేనివి ఏవో చెప్పగలిగారు, ఎందుకంటే ఉండవలసినవి ఏవో ఊరంతా తెలుసు. బీబీసీ తన కాగితాలను రెడింగ్ దగ్గర కావర్షంలో భద్రంగానే దాచుకుంది. కానీ అవి లోపలివాళ్ళ కాగితాలు. 1972 పుస్తకం, 1973 ప్రత్యేక సంచిక, 1981లో జాన్-మార్క్ లోఫిసియే రెండు సంపుటాలుగా తెచ్చిన ‘ప్రోగ్రాం గైడ్’ - ఇవి బయటివాళ్ళ చేతిలో ఉన్న ఆవర్జాలు. హాంకాంగులో ఒక ఫిలిం డబ్బా మీద కథ పేరు చూసినవాడికి అది ఉన్న సరుకో పోయిన సరుకో పోల్చుకోవడానికి పట్టిక కావాలి. ఆ పట్టిక పిల్లల పుస్తకాల అరలో రెండు మూడు పౌన్లకే దొరికేది.

అలాగే దొరికాయి కూడా. 1967 నాటి ‘ది టూంబ్ ఆఫ్ ది సైబర్‌మెన్’ నాలుగు భాగాలూ 1992లో హాంకాంగు నుంచి తిరిగి వచ్చాయి. సైప్రస్ నుంచి కొన్ని అంతకు ముందే వచ్చాయి. 2013లో నైజీరియాలోని జోస్ పట్టణంలో, ఒక టీవీ కేంద్రం గదిలో, ఫిలిప్ మోరిస్ అనే అన్వేషకుడు కనిపెట్టిన డబ్బాల్లో రెండు కథలకు చెందిన 9 పోయిన భాగాలు ఉన్నాయి. ఆ ఏడాది చివరికి ఇంకా దొరకనివి 97. లండన్ నడిబొడ్డున పారేసిన బొమ్మను జోస్‌లో, హాంకాంగులో, సైప్రస్‌లో దాచారు. దాచాలని దాచారని కాదు, పారేయమని గట్టిగా చెప్పేవాడు లేక మిగిలిపోయింది. నడిమి ఊరు మరిచిపోయింది పొలిమేరలో దొరకడం మన లాంటి పొలిమేర తెలుగువాళ్ళకు కొత్త సంగతి కాదు. ఆ మాట చివర చెబుతాను.

బొమ్మ దొరకని భాగాలకు కూడా మిగిలినవి ఉన్నాయి. టీవీ ముందు టేపు రికార్డరు పెట్టి కొందరు పిల్లలు ప్రతి శనివారమూ మాటలు పట్టి ఉంచారు. ఆ పుణ్యాన పోయిన భాగాలన్నిటికీ ధ్వని ఉంది. జాన్ క్యూరా అనే ఫోటోగ్రాఫరు టీవీ తెరకు ఎదురుగా కెమెరా పెట్టి వరుసగా బొమ్మలు తీసి, నటులకూ దర్శకులకూ అమ్మేవాడు. వాళ్ళ పనికి అదొక సాక్ష్యం. వారిస్ హుస్సేన్ 1964లో తీసిన ‘మార్కో పోలో’ ఏడు భాగాల కథ. ఒక్క భాగానికీ ప్రతి లేదు. కానీ తాను దర్శకత్వం వహించిన ఆరు భాగాల క్యూరా ఫోటోలు హుస్సేన్ దగ్గరే ఉన్నాయి. ధ్వని ఉంది. ఆ కథ రాసిన జాన్ లూకరోటీయే 1980లలో దాన్ని టార్గెట్ నవలగా రాశాడు. ఈ మూడూ పక్కపక్కన పెట్టుకుంటే కుబ్లయ్ ఖాన్ కొలువు కళ్ళకు కడుతుంది. ఇలాంటి ఆధారాలతోనే 2006లో ‘ది ఇన్వేజన్’ కథలో పోయిన భాగాలను, 2016లో ‘ది పవర్ ఆఫ్ ది డాలెక్స్’ మొత్తాన్ని బొమ్మలు గీసి మళ్ళీ నిలబెట్టారు.

ఇంత చెప్పాక ఈ పుస్తకాల లోపాలు కూడా చెప్పాలి. లేకపోతే ఇది ఆడిట్ కాదు, అభినందన సభ అవుతుంది.

మొదటి లోపం పేర్లది. తొలి రోజుల్లో ప్రతి భాగానికీ విడి పేరు తెర మీద వచ్చేది గాని, కథ మొత్తానికి పేరు వేసేవాళ్ళు కాదు. 1973 సంచిక మొదటి భాగం పేరునే కథ పేరుగా పట్టికలో వేసింది. ఆఫీసు కాగితాల్లో వేరే పేర్లు ఉన్నాయి. ఫలితంగా మొట్టమొదటి కథకే ‘యాన్ అనర్థ్‌లీ చైల్డ్’ అని, ‘100,000 బీసీ’ అని, ‘ది ట్రైబ్ ఆఫ్ గమ్’ అని మూడు పేర్లు చెలామణి అయ్యాయి. ఒక మనిషికి మూడు పేర్లతో మూడు ఖాతాలు ఉన్నట్టు. ఒక పుస్తకంలోని పొరపాటు తరువాతి పుస్తకంలోకి ‘వెనుకటి నిల్వ’గా దిగుమతి అయ్యేది. 1990లలో హోవ్, స్టామర్స్, వాకర్ అనే ముగ్గురు కావర్షం కాగితాలు తిరగేసి, దశాబ్దానికొక సంపుటంగా మూడు పుస్తకాలు వేసినప్పుడు గాని ఈ అంకణా చాలావరకు కుదరలేదు.

రెండోది పేరు ప్రతిష్ఠలది. చూడని కథ మీద పుస్తకాలు రాసిందే వేదం. ‘ది టూంబ్ ఆఫ్ ది సైబర్‌మెన్’ మహా గొప్పదని ఏళ్ళ తరబడి చదివినవాళ్ళలో కొందరు 1992లో చూసి, ఇంతేనా అన్నారు. ‘ది ఎనిమీ ఆఫ్ ది వరల్డ్’ను అంతకు ముందు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 2013లో మొత్తం చూశాక దాని విలువ పెరిగింది. పద్దు సరుకు ఉనికిని చెబుతుంది గాని నాణ్యాన్ని చెప్పలేదు.

మూడోది యజమాని మాటది. ‘ది మేకింగ్ ఆఫ్ స్టార్ ట్రెక్’ చదివితే ఆ సీరియల్‌లోని మంచి అంతా రాడెన్‌బెరీ బుర్రలోంచే పుట్టిందనిపిస్తుంది. అట్ట మీద ఆయన పేరు కూడా ఉంది. వైట్‌ఫీల్డ్ రాసిన ఆ పుస్తకం రాబడిలో సగం ఆయన అడిగి పుచ్చుకున్నాడని తరువాత వచ్చిన పుస్తకాలు చెబుతున్నాయి. అదే స్టూడియోలో పనిచేసిన హెర్బర్ట్ సోలో, రాబర్ట్ జస్ట్‌మన్ 1996లో ‘ఇన్‌సైడ్ స్టార్ ట్రెక్’ రాసి, రెండో వైపు లెక్క చూపించారు. ఖర్చు వైపు చూడకుండా జమ వైపే చూసి లాభం కట్టకూడదని బి.కాం. మొదటి ఏడే నేర్పుతారు. తెర వెనుక పుస్తకాలు ఒక్కటి కాదు, రెండు చదవాలి. ఒకటి అనుమతితో రాసింది, ఒకటి అనుమతి లేకుండా రాసింది.

ఆ తరువాత క్యాసెట్లు వచ్చాయి, డిస్కులు వచ్చాయి, ఇప్పుడు ఫోనులోనే అన్నీ చూస్తున్నాం. ఇక ఈ పుస్తకాలతో పనేముందని అడగవచ్చు. నున్నటి కాగితం మీద రంగు బొమ్మలతో వస్తున్న వాటిలో చాలా వరకు జ్ఞాపికలే, కాదనను. కానీ ఒక సంగతి గమనించండి. ‘విల్లో’ అనే సీరియల్‌ను డిస్నీ సంస్థ తన స్ట్రీమింగు వేదిక మీద 2022 నవంబరులో విడుదల చేసి, 2023 మే నెలలో తీసేసింది. చూసేవాడి ఇంట్లో డిస్కు లేదు, క్యాసెట్టు లేదు. 1967లో టేపు ఖరీదు కారణం, 2023లో మరో రకం ఖర్చుల లెక్క కారణం. యజమానికి గిట్టుబాటు కాకపోతే బొమ్మ మాయం కావచ్చుననే సంగతి మాత్రం మారలేదు. చూసినవాళ్ళెవరైనా ఏ భాగంలో ఏముందో రాసి పెట్టుకున్నారా అన్న ప్రశ్న మళ్ళీ మొదటికి వచ్చింది.

మనకు టీవీ పుస్తకాల ఆచారం పెద్దగా లేదు. అయితే అంతకన్నా పాత ఆచారం ఒకటి ఉంది. సినిమా హాలు దగ్గర అమ్మే పాటల పుస్తకం. తారాగణం, సాంకేతిక నిపుణులు, సగం దాకా కథ, తరువాయి వెండితెర మీద చూడమని ఒక ముక్క, ఆ పైన పాటలు. దానికి పెద్దన్నలాగా వెండితెర నవలలు. ముళ్ళపూడి వెంకటరమణ అంతటివాడు అవి రాశాడు. మన తొలి తరం టాకీల్లో చాలావాటి ప్రతులు ఈనాడు లేవు. దేశంలోనే తొలి టాకీ అయిన 1931 నాటి ‘ఆలం ఆరా’కు కూడా ప్రతి దొరకలేదు, ఫోటోలూ పాటల పుస్తకమూ మిగిలాయి. 1964లో పూనాలో ఏర్పడిన జాతీయ ఫిలిం ఆర్కైవ్ సినిమాలతో పాటు ఇలాంటి కాగితాలను కూడా సేకరించింది. మన తొలి టాకీ ‘భక్త ప్రహ్లాద’ 1931 సెప్టెంబరులో వచ్చిందని ఎన్నో ఏళ్ళు పండుగ చేసుకున్నాం. పాత పత్రికలూ సెన్సారు వివరాలూ వెదికి, అది 1932 ఫిబ్రవరి 6న విడుదలైందని పరిశోధకుడు రెంటాల జయదేవ తేల్చాడు. విడుదలైన చోటు బొంబాయిలోని కృష్ణా సినిమా. మన తొలి టాకీ మాట తెర మీద మొదట వినబడింది తెలుగు నేలకు బయటనే!

అంతకు ముందు మాత్రం? తంజావూరు నాయక రాజుల కాలంలో పుట్టిన తెలుగు యక్షగానాలు ఈనాడు మనకు దక్కాయంటే అక్కడి సరస్వతీ మహలులో తాళపత్రాలు ఉండబట్టి. జోస్ పట్టణం ముచ్చట చదివినప్పుడు నాకు తంజావూరు గుర్తొచ్చింది.

మా మేనమామ దసరాలకు వీధి భాగవతంలో ద్రౌపది వేషం కట్టేవాడు. ఆయన నోటుబుక్కు ఒకటి మా ఇంట్లో ఉంది. పాటలు తెలుగు, రాత తమిళ లిపి. తెలుగు అక్షరాలు నేర్చుకునే బడి ఆయనకు దొరకలేదు. మొదటి పుటలో ఏ రాత్రి ఏ కథ, ఏ వేషం ఎవరు అని ఏడు రాత్రుల పట్టిక ఉంది. ఆట ఆగిపోయి నలభై ఏళ్ళు అయింది. ఆ పట్టికలోని పేర్లను గుర్తుపట్టగలవాళ్ళు మా ఊళ్ళో ఇద్దరు మిగిలారు. కిందటి ఏడు ఒక్కొక్క పేరూ చదివి, వాళ్ళు చెప్పింది పక్కన తెలుగులో రాశాను. పట్టిక ఉండబట్టి అడగగలిగాను. మూడో రాత్రి వరుసలో ఒక వేషం పేరుంది గాని కట్టినవాడి పేరు లేదు. ఆ ఖాళీని ఖాళీగానే ఉంచాను.

బరంపురంలో, షోలాపూరులో, యానాంలో, బళ్ళారిలో, మదురలో ఈ పత్రిక అందుకునే ప్రతి ఇంట్లోనూ ఇలాంటి కాగితం ఒకటైనా ఉంటుందని నా నమ్మకం. తెలుగు సంఘం ప్రత్యేక సంచిక, నాటకం కరపత్రం, ఉగాది సభ ఆహ్వానం, పాటల పుస్తకం, అక్షరాలు ఏ లిపివైనా సరే. అచ్చు వేయడం తరువాత సంగతి. ముందు ఒక తెల్లకాగితం తీసుకుని ఏ ఏడు, ఏ ఊరు, ఏ ఆట, ఎవరెవరు అని నాలుగు గడులు గీయండి. తెలిసినంత నింపండి, తెలియనిది ఖాళీ ఉంచండి. దాని కింద మీ పేరు, రాసిన తేదీ వేయండి.